దెబ్బ తగిలితే కడుపు ఛాతీలోకి వస్తుందా?

బర్మామైన్స్‌లో తెలుగువాళ్ళు ఉండే వీధుల్లో పంచాయితీలు కొత్త కాదు. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి కంపెనీ పనులకీ, రైల్వే పనులకీ ఇక్కడికి వచ్చినప్పుడు చింతపండుతో పాటు పంచాయితీని కూడా మూట కట్టుకుని వచ్చారు. గోడ తగువులూ, చీటీ పాటల తగువులూ, అల్లుడి తగువులూ అన్నీ అరుగు మీదే తేలుతాయి. వాటి గురించి నాకు పెద్ద అభ్యంతరం లేదు. కోర్టుల చుట్టూ తిరగడం కన్నా అదే నయం అనిపించిన సందర్భాలు ఉన్నాయి. కానీ 2021 డిసెంబర్‌లో అదే అరుగు మీద ఒక వైద్య శాస్త్ర ప్రశ్న తేల్చడానికి పది మంది కూర్చున్నారు. అక్కడికి నన్ను కూడా పిలిచారు.

తగువు ఇది. మా పెదనాన్న గారి అబ్బాయి, అంటే మా అన్నయ్య, 2016లో స్కూటర్ మీద వస్తుంటే ఒక ఆటో గుద్దింది. కుడి కాలి ముందు ఎముక విరిగింది. తప్పు ఆటో అబ్బాయిదే, అందులో అనుమానం లేదు. ఆ అబ్బాయి కూడా ఒప్పుకున్నాడు, ఆసుపత్రి ఖర్చు వాయిదాల మీద రెండేళ్ళ పాటు కట్టాడు. ఐదేళ్ళ తరువాత అన్నయ్యకి గుండెల్లో మంట ఎక్కువై ఎండోస్కోపీ చేయించుకుంటే రిపోర్టులో చిన్న హయాటల్ హెర్నియా అని వచ్చింది. అంటే కడుపు పైభాగం కొంచెం ఛాతీలోకి జరిగింది అని. అది ఆ ఆటో గుద్దడం వల్లే వచ్చింది కాబట్టి ఆపరేషన్‌కి ఒకటిన్నర లక్ష ఆ అబ్బాయే ఇవ్వాలి అని అన్నయ్య వాదన. నేను పుస్తకాలు చదువుతాననీ, నాలుగు ముక్కలు రాస్తాననీ తెలుసు కాబట్టి "వీడు కూడా చెప్తాడు" అని నన్ను సాక్షిగా కూర్చోబెట్టారు. నేను చెప్పాను. వాళ్ళు అనుకున్నది మాత్రం చెప్పలేదు.

ముందుగా ఈ ఆటో కథ ఎలా పుట్టిందో చెప్పాలి. ఎండోస్కోపీ చేసిన డాక్టరు గారు అందరినీ అడిగినట్టే అన్నయ్యని కూడా కొన్ని ప్రశ్నలు అడిగారు. బరువు ఎంత, సిగరెట్లు కాలుస్తారా, దగ్గు ఉందా, ఎప్పుడైనా దెబ్బ తగిలిందా. అన్నయ్య "అవును, ఐదేళ్ళ క్రితం యాక్సిడెంట్ అయ్యింది" అన్నాడు. డాక్టరు "ఊఁ" అని రాసుకున్నారు. అంతే. ఆ "ఊఁ" ఇంటికి వచ్చేసరికి "డాక్టరు గారు కూడా యాక్సిడెంట్ వల్లే అన్నారు" అయ్యింది. వారం తిరిగేసరికి "కాగితం మీద రాసిచ్చారు" అయ్యింది. కాగితం తెప్పించి చదివాను. అందులో ఉన్నది "గతంలో రోడ్డు ప్రమాదం, కాలి ఎముక విరిగింది" అని. రోగి చెప్పిన గతాన్ని డాక్టరు రాసుకోవడం వేరు, అదే కారణం అని డాక్టరు తేల్చడం వేరు. మూఢ నమ్మకాలు పుట్టేది స్వాముల ఆశ్రమాల్లోనే అనుకుంటాం. ఆసుపత్రి వరండాలో కూడా పుడతాయి.

ఇప్పుడు శరీరంలోకి వెళ్దాం. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగు ఆకారంలో ఒక కండరం ఉంటుంది. డాక్టర్లు డయాఫ్రమ్ అంటారు, మన స్కూలు పుస్తకాల్లో ఉదరవితానం అని చదువుకున్నాం. మనం ఊపిరి పీల్చినప్పుడు అది కిందకి దిగుతుంది, వదిలినప్పుడు పైకి వెళ్తుంది. దానికి పుట్టుకతోనే మూడు పెద్ద కన్నాలు ఉంటాయి. ఒకదాని గుండా పెద్ద సిర, ఒకదాని గుండా బృహద్ధమని, ఒకదాని గుండా అన్నవాహిక వెళ్తాయి. అన్నవాహిక వెళ్ళే కన్నాన్నే హయటస్ అంటారు. మనం తిన్నది కిందకి దిగాలి కాబట్టి ఆ కన్నం ఉండక తప్పదు. అన్నవాహిక అక్కడ వదులుగా వేలాడకుండా ఒక పలుచటి, సాగే పొర దాన్ని కన్నం అంచులకి పట్టి ఉంచుతుంది.

ఆ పొర చేసే పని తక్కువది కాదు. మనం ముద్ద మింగిన ప్రతి సారీ అన్నవాహిక కొంచెం పొట్టిదవుతుంది, కడుపుని కొంచెం పైకి లాగుతుంది, తరువాత పొర దాన్ని మళ్ళీ కిందకి తెస్తుంది. రోజుకి వందల సార్లు ఇది జరుగుతుంది. దీనికి తోడు దగ్గు, తుమ్ము, మలబద్ధకంతో ముక్కడం, బరువులు ఎత్తడం, గర్భం, బాన పొట్ట ఇవన్నీ కింద నుంచి పైకి తోస్తాయి. యాభై ఏళ్ళ పాటు రోజూ లాగి వదిలిన లంగా నాడాలోని ఎలాస్టిక్ ఏమవుతుందో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. ఈ పొర కూడా అంతే. సాగే గుణం తగ్గుతుంది, కన్నం వదులవుతుంది, కడుపు పైభాగం పైకి జారుతుంది. హయాటల్ హెర్నియాల్లో నూటికి తొంభై ఐదు వరకూ ఈ జారే రకమే. వయసు పెరిగే కొద్దీ, బరువు పెరిగే కొద్దీ ఎక్కువగా కనిపిస్తుంది. చాలా మందికి అది ఉన్నట్టే తెలియదు, వేరే దేనికో పరీక్ష చేస్తే బయటపడుతుంది.

ఈ జబ్బుకి ఈ పేరు రావడం కూడా పాత సంగతి కాదు. 1895లో రాంట్‌జన్ ఎక్స్-రే కనిపెట్టే వరకూ బతికున్న మనిషి కడుపు ఎక్కడ ఉందో చూసే దారి లేదు. బేరియం తాగించి ఎక్స్-రే తీయడం మొదలైన తరువాతే ఇది ఎంత మామూలు విషయమో తెలిసింది. స్వీడన్‌కి చెందిన అకెర్లుండ్ అనే రేడియాలజిస్టు 1926లో వీటిని రకాలుగా విడదీశాడు. మన పెద్దవాళ్ళు "మా కాలంలో ఈ జబ్బులు లేవు" అంటుంటారు. జబ్బులు ఉన్నాయి, చూసే సాధనం లేదు.

ఇక్కడి దాకా చదివి, అయితే దెబ్బ వల్ల రాదన్నమాట అని తేల్చేసి నన్ను మెచ్చుకోకండి. ఒకప్పుడు నేను కూడా అలాగే తేల్చేశాను. అది నా జీవితంలో నేను చేసిన పెద్ద తప్పుల్లో ఒకటి.

మా మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, 2009లో కట్టుతున్న ఇంటి మీద నుంచి కింద పడ్డాడు. ఎడమ వైపు పక్కటెముకలు విరిగాయి. మూడు వారాలు మంచం మీద ఉండి లేచాడు, మళ్ళీ పనికి వెళ్ళాడు. మూడేళ్ళ తరువాత అతనికి అన్నం తినగానే ఆయాసం రావడం మొదలైంది. ఎడమ వైపు పడుకుంటే ఛాతీలో గుడగుడ చప్పుడు వినిపించేదనేవాడు. అప్పుడప్పుడూ వాంతులు. "ఆ పడ్డప్పటి దెబ్బ ఇంకా లోపల ఉందిరా" అని అతను నాతో అన్నాడు. నేను నవ్వాను. అప్పటికి నేను హేతువాదినని చెప్పుకుంటూ ఐదారేళ్ళు అయ్యింది. దిష్టి, చేతబడి, బాణామతి అన్నింటినీ కొట్టి పారేసే ఊపులో ఉన్నాను. "మావయ్యా, మూడేళ్ళ క్రితం దెబ్బ ఇప్పుడెందుకు వస్తుంది? అది గ్యాసు. తరువాత జరిగినంత మాత్రాన దాని వల్ల జరిగినట్టు కాదు" అని పాఠం చెప్పాను. అతను నా మాట నమ్మాడు. నమ్మి గ్యాసు మాత్రలు వేసుకున్నాడు. అవి పని చెయ్యకపోతే ఎవరో చెప్పారని బొడ్డు సరి చేసే మనిషి దగ్గరకి వెళ్ళి పొట్ట నొక్కించుకున్నాడు. ఆ రాత్రే నల్లగా వాంతి అయ్యి, ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చాం. ఎక్స్-రేలో ఎడమ ఊపిరితిత్తి ఉండాల్సిన చోట కడుపు ఉంది. 2009లో పడినప్పుడే డయాఫ్రమ్ చిరిగింది, ఎవరూ చూడలేదు. ఆ చిరుగు గుండా కడుపు మెల్లగా పైకి పాకి, చివరికి మెలిపడి ఇరుక్కుంది.

ఆపరేషన్ అయ్యింది, నెల రోజులకి పైగా ఆసుపత్రిలో ఉన్నాడు, బతికాడు. నన్ను ఎప్పుడూ తిట్టలేదు. "నువ్వు చదువుకున్నోడివి గదా అని ఊరుకున్నానురా" అన్నాడు ఒక్క సారి. తిడితేనే బాగుండేది.

ఇది మావయ్యకి మాత్రమే జరిగిన వింత కాదు. ఫ్రాన్స్‌లో ఆంబ్రోజ్ పారె అనే శస్త్ర వైద్యుడు 1579లోనే దీన్ని రాశాడు. ఫిరంగి దళం కెప్టెన్ ఒకడికి తుపాకీ గుండు తగిలింది, గాయం మానింది, ఎనిమిది నెలల తరువాత కడుపు నొప్పితో చనిపోయాడు. శవాన్ని కోసి చూస్తే పెద్ద పేగు డయాఫ్రమ్‌లోని కన్నం గుండా ఛాతీలోకి వెళ్ళి ఇరుక్కుని ఉంది. ఆ కన్నం చిటికెన వేలు కొన పట్టేంత మాత్రమే ఉంది. ఇంచుమించు నాలుగున్నర శతాబ్దాల క్రితం సంగతి ఇది. మూడేళ్ళ క్రితం దెబ్బ ఇప్పుడెందుకు వస్తుంది అని నేను మావయ్యతో వెటకారంగా అన్న మాటకి జవాబు నేను పుట్టక ముందే, మా తాతలు బర్మామైన్స్ రాక ముందే రాసి ఉంది. చదవకుండా మాట్లాడడం నాదే తప్పు.

అలా ఎందుకు ఆలస్యంగా బయటపడుతుందో కూడా తెలిసిన విషయమే. పొట్టకి గట్టి దెబ్బ తగిలినప్పుడు లోపల ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి డయాఫ్రమ్ చిరుగుతుంది. ఎక్కువగా ఎడమ వైపు, వెనక భాగంలో చిరుగుతుంది. కుడి వైపు కాలేయం అడ్డు ఉంటుంది కాబట్టి అక్కడ తక్కువ. చర్మం మీద గాయం అయితే మానుతుంది. కానీ డయాఫ్రమ్ నిమిషానికి పదిహేను సార్లు కదిలే కండరం, దానికి విశ్రాంతి లేదు. ఛాతీలో ఒత్తిడి తక్కువ, పొట్టలో ఎక్కువ. కాబట్టి ఊపిరి పీల్చిన ప్రతి సారీ పొట్టలోని అవయవాలు ఆ చిరుగు వైపు లాగబడతాయి. గ్రైమ్స్ అనే వైద్యుడు 1974లో దీన్ని మూడు దశలుగా చెప్పాడు. దెబ్బ తగిలిన కొత్తలో ఒక దశ, ఏమీ లేనట్టుగా లేదా గ్యాసు లాగా కనిపించే దశ ఒకటి, అవయవం ఇరుక్కుపోయే దశ ఒకటి. రెండో దశ నెలలు ఉండొచ్చు, ఏళ్ళు ఉండొచ్చు. మొదటి రోజు ఎక్స్-రేలో ఇది తప్పిపోవడం కూడా మామూలే. సి.టి. స్కాన్ అయితే దొరికే అవకాశం ఎక్కువ.

పంచాయితీలో అన్నయ్య పట్టుకున్నది ఈ మావయ్య కథనే. "ఏట్రా, మీ మావయ్యకైతే దెబ్బ వల్ల వచ్చినట్టు, నాకైతే రానట్టా? అమ్మ వైపు వాళ్ళైతే ఒక శాస్త్రం, నాన్న వైపు వాళ్ళైతే ఒక శాస్త్రమా?" అని అందరి ముందూ అడిగాడు. పెద్దలు తలలూపారు. నిజం చెప్పాలంటే మంచి ప్రశ్నే. దానికి అక్కడ నేను చెప్పిన జవాబే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

రెండూ ఒక జబ్బు కాదు. రెండింటిలోనూ కడుపు ఛాతీలోకి వెళ్తుంది, రెండింటికీ హెర్నియా అనే పేరుంది, పోలిక అంతవరకే. ఇంట్లోకి దొంగ వచ్చాడు అంటే గోడకి కన్నం వేశాడా, గడియ అరిగిపోయిన తలుపు తోసుకుని వచ్చాడా అని చూస్తాం కదా. మావయ్యకి గోడకి కన్నం పడింది. పుట్టుకతో లేని చోట, ఎడమ వైపు, విరిగిన పక్కటెముకల కింద కన్నం పడింది. అన్నయ్యకి పుట్టుకతో ఉన్న తలుపే వదులయ్యింది. మావయ్యకి దెబ్బ తగిలింది ఛాతీకీ పొట్టకీ. అన్నయ్యకి తగిలింది మోకాలి కింద. 2016 నాటి ఆసుపత్రి కాగితాలు నేను అడిగి చూశాను. ఛాతీ ఎక్స్-రే తీశారు, అందులో ఏమీ లేదు. పొట్ట నొప్పి అని ఎక్కడా రాయలేదు. మూడో రోజే కూర్చుని పూరీలు తిన్నాడని మా వదిన గారే చెప్పారు. మామూలు ఎక్స్-రేలో తప్పిపోవచ్చు అని నేనే అన్నాను కాబట్టి, ఇప్పుడు ఒక సి.టి. కూడా తీయించమన్నాను. తీయించారు. డయాఫ్రమ్‌కి ఎక్కడా చిరుగు లేదు. అన్నవాహిక కన్నం మాత్రం కొంచెం వెడల్పు.

గట్టి దెబ్బకి అన్నవాహిక కన్నమే చిరిగిన రోగుల గురించి కూడా వైద్య పత్రికల్లో ఉంది. దాన్ని దాచి వాదన గెలవాలని నాకు లేదు. కానీ అవి చాలా అరుదు. పొట్ట నలిగిపోయేంత బలమైన దెబ్బలు అవి, పక్కన ఇతర అవయవాలకి కూడా సాధారణంగా గాయాలు ఉంటాయి. కాలి ఎముక విరిగి, మూడో రోజు పూరీలు తిన్న మనిషిని ఆ లెక్కలో కలపలేము.

ఇంకో సంగతి ఉంది. ఇది చెప్పినందుకే అన్నయ్య నాతో మాట్లాడడం మానేశాడు. 2013లో మా చెల్లెలి పెళ్ళిలో అన్నయ్య చొక్కా జేబులో డైజీన్ మాత్రల పట్టీ ఉంది. నేనే అడిగి రెండు తీసుకున్నాను, అప్పడాలు ఎక్కువ తిని. "రోజూ రాత్రి పడుకుంటే పులితేనుపులు గొంతులోకి వస్తాయి, ఇవి లేకపోతే నిద్ర పట్టదు" అన్నాడు అప్పుడు. అంటే యాక్సిడెంట్‌కి మూడేళ్ళ ముందే మంట ఉంది. అప్పుడే హెర్నియా ఉందని దీని వల్ల రుజువు కాదు, ఆ మాట నేను అనను. కానీ ఇప్పటి మంటకి ఆటో కారణం అనే మాట మాత్రం నిలబడదు. కారణం ముందు రావాలి, ఫలితం తరువాత రావాలి. బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇంగ్లండు గణాంక శాస్త్రవేత్త 1965లో, ఒక దానికి ఒకటి కారణం అని చెప్పే ముందు చూడాల్సిన తొమ్మిది విషయాలు చెప్పాడు. మిగిలిన ఎనిమిదింటిలో ఏది లేకపోయినా వాదించవచ్చు, ఈ క్రమం ఒక్కటీ తిరగబడితే వాదన అక్కడికి ఆగిపోతుంది.

"ముందే ఉన్నది గుద్దిన తరువాత పెరిగి ఉండొచ్చు కదా" అని ఒక పెద్దాయన అన్నారు. రిటైరైన మనిషి, తెలివైనవారు. ఉండొచ్చు అనే మాట దేని గురించైనా అనొచ్చు. ఆ ఐదేళ్ళలో అన్నయ్య బరువు డెబ్బై ఎనిమిది నుంచి తొంభై నాలుగు అయ్యింది, అది కూడా ఆటో వల్లే పెరిగి ఉండొచ్చు. ఉండొచ్చు అనే మాట మీద పేదవాడి దగ్గర ఒకటిన్నర లక్ష వసూలు చెయ్యడానికి వీలు లేదు. ఇవ్వాలి అని అడిగేవాడు చూపించాలి. 2016కి ముందు తీసిన పరీక్షా, తరువాత తీసిన పరీక్షా పక్కపక్కన పెట్టి ఇదిగో తేడా అనాలి. అలాంటిది లేదు.

పైగా ఆ ఆపరేషనే అవసరం లేదు. చిన్న జారే హెర్నియాకి మామూలుగా ఇచ్చేది ఆసిడ్ తగ్గించే మాత్రలు, బరువు తగ్గమనే సలహా, పడుకునే ముందు రెండు మూడు గంటలు ఏమీ తినవద్దనీ, మంచం తల వైపు ఎత్తు చెయ్యమనీ. మాత్రలు సరిపోని కొద్ది మందికే ఆపరేషన్. డాక్టరు అన్నయ్యకి చెప్పింది కూడా అదే. రాత్రి పదకొండింటికి మటన్ తిని పడుకునే అలవాటు మానడం కన్నా ఆటో అబ్బాయి మీద పంచాయితీ పెట్టడం సులువు.

ఇక బొడ్డు వ్యాపారం. మా ప్రాంతంలో హిందీ వాళ్ళు "నాభి ఖిసక్ గయీ" అంటారు, మనవాళ్ళు బొడ్డు పడింది, బొడ్డు జారింది అంటారు. కడుపులో ఏ బాధ వచ్చినా ఇదే కారణం. బరువు ఎత్తితే బొడ్డు జారుతుంది, మెట్టు తప్పితే జారుతుంది, ఆటో గుద్దితే జారుతుంది. ఆ మనిషి బొడ్డు మీద వేళ్ళు పెట్టి, "ఇదిగో కొట్టుకుంటోంది, పక్కకి వెళ్ళింది" అంటాడు. అక్కడ కొట్టుకునేది బృహద్ధమని. అది వెన్నెముక ముందు నుంచి కిందకి దిగి సుమారు బొడ్డు మట్టంలో రెండుగా చీలుతుంది. సన్నగా ఉన్న ఎవరైనా వెల్లకిలా పడుకుని బొడ్డు పైన మెల్లగా వేళ్ళు పెడితే తెలుస్తుంది, నేను నా పొట్ట మీద చూసుకున్నాను. నాడి కొంచెం ఎడమ వైపు తగలడం సహజం, ఆ ధమని ఉండేదే మధ్య గీతకి కొంచెం ఎడమగా. పక్కకి వెళ్ళిందనే మాట పుట్టుకతో ఉన్న శరీర నిర్మాణం గురించి. దీపం వెలిగించి బొడ్డు మీద పెట్టి చెంబు బోర్లిస్తారు. గాలి చల్లబడి చెంబు చర్మాన్ని పీల్చుకుంటుంది, చూసేవాళ్ళకి మహిమలా ఉంటుంది. చర్మం కింద కొవ్వూ, కండరాలూ, పేగులూ దాటుకుని ఆ చెంబు దేన్నీ సరి చెయ్యలేదు.

వీళ్ళని మన పల్లెటూరి అజ్ఞానం అని తీసి పారేసే చదువుకున్నవాళ్ళు ఇంకో రకం. అమెరికాలో కైరోప్రాక్టర్లు అనేవాళ్ళు పక్కటెముకల కింద చేత్తో నొక్కి కడుపుని కిందకి లాగుతామని డబ్బులు తీసుకుంటారు. పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళు తాగి, మునివేళ్ళ మీద లేచి, మడమల మీద ధడాలున పదిసార్లు దిగితే నీళ్ళ బరువుకి కడుపు కిందకి వస్తుందని వీడియోలు తిరుగుతుంటాయి. మా అన్నయ్య కూతురు అదే ఫోన్‌లో చూపించింది. కుదుపు వల్ల కడుపు పైకి వెళ్ళిందని తండ్రి అంటాడు, కుదుపు వల్ల కిందకి వస్తుందని కూతురు అంటుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకే పూట అన్నారు. పొర సాగిపోయిన తరువాత దాన్ని కుదిపి బిగించలేము, సాగిన నాడాని దులిపితే బిగుస్తుందా?

మావయ్య లాంటివాళ్ళ పొట్ట మీద పడే నొక్కుడు మాత్రం నవ్వుకునే విషయం కాదు. డయాఫ్రమ్ చిరిగిన మనిషి పొట్టని నొక్కితే లోపలి అవయవాలని ఆ చిరుగులోకి ఇంకా తోసినట్టే. మావయ్యకి ఆ నొక్కుడు వల్లే మెలిపడిందా అంటే నేను చెప్పలేను. ఎలాగూ పడబోతున్న మెలిక ఆ రోజే పడి ఉండొచ్చు. అన్నయ్యకి ఒక న్యాయం, బొడ్డు మనిషికి ఇంకో న్యాయం పెట్టలేను కదా. కానీ ఛాతీకి దెబ్బ తగిలిన చరిత్ర ఉన్న మనిషిని ఒక్క ప్రశ్న అడగకుండా నొక్కాడు, అది మాత్రం అతని తప్పే. నేను కూడా ఒక్క ప్రశ్న అడగకుండానే గ్యాసు అన్నాను. మా ఇద్దరికీ తేడా ఏమిటంటే అతను యాభై రూపాయలు తీసుకున్నాడు.

అందుకే మన హేతువాద మిత్రులకి కూడా ఒక మాట అనాల్సి వస్తోంది. మనవాళ్ళలో కొంత మందికి హేతువాదం అంటే ఎదుటివాడు చెప్పిన కారణాన్ని కొట్టి పారెయ్యడం. పల్లెటూరి మనిషి "దెబ్బ వల్ల" అంటే "కాదు" అనడం, "దిష్టి వల్ల" అన్నా అదే గొంతుతో "కాదు" అనడం. దిష్టికి యంత్రాంగం లేదు, దెబ్బకి ఉంది. చూపు ఎవరి డయాఫ్రమ్‌నీ చింపలేదు, మేడ మీద నుంచి పడడం చింపగలదు. ఈ రెండింటినీ ఒకే గంపలో వెయ్యడం సోమరితనం. రోగి చెప్పే కారణం తప్పు కావచ్చు, కానీ రోగి చెప్పే వరుస, అంటే ఎప్పుడు పడ్డాడు, ఎక్కడ తగిలింది, ఎప్పటి నుంచి ఆయాసం అనేవి విని తీరాలి. మావయ్య చెప్పిన గుడగుడ చప్పుడు గురించి నేను ఇంకో రెండు నిమిషాలు విని ఉంటే, కనీసం ఒక ఎక్స్-రే తీయించమని అయినా అనేవాడిని.

ఎప్పుడో ఛాతీకో పొట్టకో గట్టి దెబ్బ తగిలి, ఇప్పుడు తిన్న తరువాత ఆయాసం, ఎడమ ఛాతీలో గుడగుడ, వాంతులు ఉన్నవాళ్ళు మీ ఇంట్లో ఉంటే, డాక్టరు అడగకపోయినా ఆ పాత దెబ్బ సంగతి మీరే చెప్పండి. పాత ఎక్స్-రేలు అటక మీద ఉంటే దించి పట్టుకెళ్ళండి. ఉత్త గుండెల్లో మంటే అయితే తూకం మెషీన్ ఎక్కండి.

పంచాయితీ ఆ రోజు తేలలేదు. పెద్దలు మధ్యేమార్గం అని ఒకటి పట్టుకున్నారు: ఒకటిన్నర లక్షలో సగం ఆ అబ్బాయి ఇవ్వాలి అన్నారు. చెయ్యని తప్పుకి సగం శిక్ష ఏమిటో నాకు అర్థం కాలేదు. కాలు విరిగినందుకు కట్టాడు, అది న్యాయం. కడుపు జారినందుకు పైసా కూడా కట్టనక్కరలేదు, కావాలంటే వాళ్ళనే కోర్టుకి వెళ్ళమను, నేను ఈ కాగితాలు పట్టుకుని వస్తాను అని ఆ అబ్బాయితో అక్కడే, అందరూ వింటుండగా చెప్పాను. "రక్త సంబంధం మరిచిపోయాడు" అని మా పెద్దమ్మ ఏడ్చింది. ఆవిడ ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తుంది, ఆవిడ చేతి అన్నం తిని పెరిగినవాడిని. కోర్టు మాట ఎత్తాక ఎవరూ డబ్బు అడగలేదు.

ఆ అబ్బాయి ఇప్పటికీ టాటానగర్ స్టేషన్ దగ్గర ఆటో తోలుతున్నాడు. నేను ఎక్కితే డబ్బులు తీసుకోనంటాడు, నేను సీటు మీద పెట్టి దిగుతాను. అన్నయ్యకి ఆపరేషన్ చెయ్యలేదు, మాత్రలతో బాగానే ఉంది. మొన్న కూతురి పెళ్ళికి మా ఇంట్లో అందరికీ శుభలేఖ వచ్చింది, దాని మీద నా పేరు లేదు. మావయ్యని అడిగి పంపారట, "వాణ్ణి పిలవకపోతే నేనూ రాను" అన్నాడట. చివరికి ఇద్దరమూ వెళ్ళలేదు. ఆ రాత్రి మావయ్య మా ఇంట్లోనే పప్పన్నం తిన్నాడు, ఎనిమిదింటికే.